టుల్టెపెక్ ఎద్దులు

"నూలు చొక్కా వేసుకో. నైలాన్‌కి నిప్పంటితే ఒంటికి అతుక్కుంటుంది" అన్నాడు మెక్సికో మిత్రుడు. సదస్సు అయిపోయింది. మెక్సికో సిటీకి ఉత్తరాన ఉన్న టుల్టెపెక్‌కి లాక్కెళ్లాడు. మార్చి 8.

వీధినిండా కాగితపు గుజ్జుతో చేసిన ఎద్దులు. కొన్ని మనిషి నెత్తిన మోసేవి, కొన్ని చక్రాలమీద నెట్టేంత పెద్దవి. ఒంటినిండా తారాజువ్వలు, కాళ్ల వెంటపడే సిసింద్రీలు. అంటించగానే జనం ఎద్దు మీదికే ఉరికారు! నేను గోడకి కరుచుకుపోయాను. అయినా చొక్కాకి రెండు చిల్లులు.

బాణసంచా చేసి బతికే ఊరది. 2016 డిసెంబరులో అక్కడి బాణసంచా బజారు పేలి 40 మందికి పైగా చనిపోయారు. అయినా ఎద్దుల్ని చేసిన కుటుంబాలే వీధిలోకి తెచ్చి ఎగురుతున్నాయి. పండగ వాళ్లది.

మా చిన్నమ్మ దీపావళి ముందు షెడ్డులో కూలికి మందు కూరేది. మా పేట ఆడవాళ్లే ఎక్కువ అక్కడ. షెడ్డు పేలింది, కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. యజమాని వీధిలో ఆ ఏడూ టపాసులు మోగాయి. ఆమె ఒక్కటీ కాల్చి ఎరగదు, అప్పుడూ ఇప్పుడూ.

వచ్చాక ఫోన్‌లో వీడియో చూపించాను. రెండుసార్లు చూసింది.

"చేసినోళ్ల చేతులు బాగున్నాయా నాన్నా?"

నేను చూడలేదు.