వేలిముద్ర పక్కన సంతకం

నేను క్లినికల్ రీసెర్చ్ అసోసియేట్‌ని. కొత్త మందుల ట్రయల్స్‌లో మందు ఇచ్చేది డాక్టరు. ఆయన పంపిన అంకెలు ఆస్పత్రి రికార్డుతో కలుస్తున్నాయా, ఫ్రిజ్‌లో ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉన్నాయా, పరీక్షలు మొదలుపెట్టక ముందే పేషంటు సమ్మతి తీసుకున్నారా అని చూసేది మేం. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి ఏదో ఊళ్లో దిగి, సాయంత్రం దాకా ఫైళ్ల మధ్య కూర్చుంటాం.

ఒకసారి షుగరు మందు ట్రయల్ జరుగుతున్న ఆస్పత్రికి వెళ్లాను. అలాంటి చోటును మేం సైట్ అంటాం. ఒక పెద్దాయన ఫైలు తెరిచాను. చదువు రానివాడు, సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేశాడు. అలాంటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కనే ఉండి అంతా విని సంతకం పెట్టాలి. ఆ సాక్షి సంతకాన్ని అప్పటికే ఎక్కడో చూశాననిపించింది. మందుల లెక్కల రిజిస్టరు తీశాను. పేజీ పేజీకీ అదే సంతకం, ట్రయల్ కోఆర్డినేటర్‌ది.

కేసు షీటు వెనక పిన్నుతో గుచ్చిన మందుల షాపు బిల్లు ఒకటి కనిపించింది. 25 శాతం డెక్స్‌ట్రోజ్, షుగరు పడిపోతే ఎక్కించే గ్లూకోజు. రాత్రిపూట షుగరు పడిపోయి స్పృహ తప్పితే ఆయన్ని అడ్మిట్ చేశారు. మాకు పంపిన ఫారాల్లో ఆ ఊసే లేదు. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఇలాంటిది జరిగిన 24 గంటల్లోపు ట్రయల్ చేయిస్తున్న స్పాన్సర్‌కూ, పేషంట్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీకీ, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకూ ట్రయల్ నడిపే డాక్టరే తెలపాలి. అప్పటికి వారాలు గడిచిపోయాయి.

"లేచి ఇంటికెళ్లాడు కదమ్మా, పెద్దది చేయకు" అన్నారు డాక్టరుగారు. మా మేనేజరు ఫోన్లో, "ఎక్కువమంది పేషంట్లు వచ్చేది ఆ సైట్ నుంచే, కాస్త చూసి రాయి" అన్నారు. నాకు చేతులు చల్లబడ్డాయి. ఇంటి లోను గుర్తొచ్చింది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టిన సంగతీ గుర్తొచ్చింది. ఆ పెద్దాయన్ని నేను చూడనైనా లేదు. మా కంపెనీ కాగితాల్లో ఆయనొక నంబరు. ఆయన తరఫున ఆ గదిలో మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే. చూసింది చూసినట్టు రాసి పంపాను.

ఆ సైట్‌లో కొత్త పేషంట్లను చేర్చుకోవడం ఆపేశారు. సైట్‌తో సఖ్యంగా మెలగలేదని నా రివ్యూలో రాసి నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తప్పించారు. చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. మళ్లీ అలాంటి ఫైలు చేతికొస్తే మళ్లీ అలాగే రాస్తాను.

మీ ఇంట్లో ఎవరైనా ట్రయల్‌లో చేరుతుంటే సంతకం చేసిన సమ్మతి పత్రం కాపీ అడిగి తీసుకోండి. అందులో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉందో లేదో చూడండి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించుకోవడం మీ హక్కు.