ఇంజిన్ దించేముందు... ఓసారి స్టుట్‌గార్ట్!

పాత కారుకి కొత్త ఊపిరి పోయాలా, ఉన్న ఊపిరిని కాపాడుకోవాలా? పాత పోర్షే 911 ఉన్నవాళ్లని ఏళ్లతరబడి వేధించే ప్రశ్న ఇది. జవాబు కావాలంటే ఆ ఇంజిన్ పుట్టిన ఊరికే వెళ్లాలి. అక్కడ మ్యూజియంలో ఒక ముక్క, పిస్టన్ల పేటలో ఒకటి, అడవిలోని రేసు దారిలో మరొకటి... అలా కొంచెం కొంచెంగా దొరుకుతుంది జవాబు.

జర్మనీలోని స్టుట్‌గార్ట్ సెంట్రల్ స్టేషన్లో ఎస్6 లోకల్ రైలెక్కితే కాసేపట్లోనే నాయ్‌విర్ట్స్‌హౌస్ స్టేషన్ వస్తుంది. బయటికి రాగానే ఎదురుగా మూడు కాళ్లమీద గాల్లో నిలబెట్టినట్టుండే తెల్లటి భవనం. అదే పోర్షే మ్యూజియం. దాని చుట్టూ ఫ్యాక్టరీ షెడ్లు, దారికడ్డంగా వెళ్లే కొత్త కార్లు. ఈ పేట పేరు త్సుఫెన్‌హౌజెన్. 1938 నుంచీ పోర్షే ఇక్కడే. యుద్ధకాలంలో 1944లో మూటాముల్లె సర్దుకుని ఆస్ట్రియాలోని గ్మ్యుండ్ అనే చిన్న ఊరికి తరలిపోయింది. పోర్షే పేరుతో మొదటి కారు 1948లో రిజిస్టరైంది అక్కడే. 1950లో మళ్లీ సొంతగూటికి చేరింది.

1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో కొత్త కారుని చూపించారు. పేరు 901. మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్లు మావి అని ఫ్రాన్సుకి చెందిన ప్యూజో అడ్డుపడింది. అప్పటికి 82 కార్లు తయారయ్యాయి. సున్నా తీసేసి ఒకటి పెట్టారు. అలా వచ్చిందే 911! ఆ పేరు నేటికీ ఉందిగానీ, గాలితో చల్లబడే 911 మాత్రం 1998తో ఆగిపోయింది. ఆ ముప్పయ్యైదేళ్ల పంట కోసమే ఇప్పుడింత వెర్రి.

బుల్లెట్‌కి పెద్దన్న

గాలితో చల్లబడే ఇంజినంటే మనకు కొత్తేం కాదు. పాత బుల్లెట్ సిలిండరు చుట్టూ పలకలు పలకలుగా రెక్కలుంటాయి కదా, వాటిమీదుగా గాలి వీచి వేడిని పట్టుకుపోతుంది. రేడియేటరూ ఉండదు, నీళ్లూ ఉండవు. 911లోనూ అదే సూత్రం. కాకపోతే సిలిండర్లు ఆరు. ఇటు మూడు, అటు మూడు, నేలకి సమాంతరంగా పడుకుని ఉంటాయి. కారు వెనక డిక్కీలాంటి మూత ఎత్తితే ముందు కనిపించేది పెద్ద ఫ్యాను. ఇంజిన్ తిరిగినంతసేపూ అది సిలిండర్లమీదికి గాలిని తోస్తూ ఉంటుంది.

ఫ్యాను ఒక్కటే చాలదు. వేడిలో పెద్దవాటా మోసేది ఆయిల్. బుల్లెట్‌కి రెండు లీటర్లు చాలు. 911కి సుమారు తొమ్మిది లీటర్లు, దానికో విడి ట్యాంకు. అందుకే డ్యాష్‌బోర్డులో నీటి వేడి చూపే ముల్లు ఉండదు, ఆయిల్ వేడి చూపే ముల్లు ఉంటుంది. పాత 911 నడిపేవాళ్ల కన్ను స్పీడోమీటరు కంటే ఎక్కువగా దానిమీదే ఉంటుంది.

ఈ ఇంజిన్ వెనక ఉన్న ముఖ్యుల్లో ఒకరు హాన్స్ మెట్స్‌గర్. స్టుట్‌గార్ట్‌కి దగ్గర్లోని పల్లెలోనే 1929లో పుట్టారు, 2020లో కన్నుమూశారు. రెండు లీటర్ల ఇంజిన్‌గా మొదలైన ఆయన డిజైనుని తర్వాతివాళ్లు పెంచుతూపోయారు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒకే మెట్లదారి

మ్యూజియంలో వరసగా నిలబెట్టిన 911లను చూస్తూ నడిస్తే ఇంజిన్ ఎలా పెరిగిందో అర్థమవుతుంది. మొదటిది 1,991 సీసీ, 130 హార్స్‌పవర్. 1970 మోడల్‌కి 2.2 లీటర్లు. 1972కి 2.4. 1973 కరేరా ఆర్ఎస్‌లో 2.7 లీటర్లు, 210 హార్స్‌పవర్. అయిదొందల కార్లు చేద్దామని మొదలుపెట్టి 1,580 చేయాల్సొచ్చింది, అంత గిరాకీ! తర్వాత 3.0, 1984లో 3.2, 1989లో 3.6.

విశేషమేమిటంటే ఇవన్నీ ఒకే కుటుంబం. చెల్లెలి గాజులు అక్కకి పట్టినట్టు, కొంచెం అటూఇటూ చేస్తే ఒకదాని భాగాలు మరోదానికి సరిపోతాయి. అందుకే మెకానిక్ షెడ్డుకి వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఆశ పుడుతుంది. ‘ఎలాగూ ఇంజిన్ దించుతున్నాం కదా, కాస్త పెద్దది చేసేస్తే పోలా?’ అని.

ఓ యజమాని దగ్గర 1970 నాటి 911 టి ఉందనుకుందాం. 2.2 లీటర్లు, 125 హార్స్‌పవర్. ఇంజిన్ పొగ తాగుతోంది, విప్పక తప్పదు. ఆయన ముందు మూడు దారులున్నాయి. సైజు మార్చకుండా అదే ఏడాది వచ్చిన ‘ఇ’ రకానికో ‘ఎస్’ రకానికో తెచ్చుకోవడం ఒకటి. అదే ఇంజిన్‌ని కోసి, బోరు పెంచి 2.7 చేయడం రెండోది. దాన్ని అటకెక్కించి 3.0, 3.2, 3.6లలో ఒకదాన్ని తెచ్చి బిగించడం మూడోది.

లెక్క చూస్తే మూడోదే లాభం. 3.2లో 231 హార్స్‌పవర్, 3.6లో 250. కానీ మ్యూజియం మరోమాట కూడా చెబుతుంది. అక్కడ బంగారురంగు... కాదు, ఎర్రటి 901 ఒకటి ఉంది. సీరియల్‌లో 57వది. ఏళ్లతరబడి ఓ కొట్టంలో తుప్పుపట్టిపోయి 2014లో దొరికింది. కొత్తరేకు వేసి, పెద్ద ఇంజిన్ పెట్టి మెరిపించొచ్చు. అలా చేయలేదు. అసలు భాగాలు వీలైనన్ని నిలుపుకుంటూ మూడేళ్లు బాగుచేసి 2017 డిసెంబరులో జనానికి చూపించారు. దాని విలువ వేగంలో లేదు, అదే అదిగా మిగలడంలో ఉంది.

పిస్టన్ల పేటలో...

నెకార్ నది ఒడ్డున బాడ్ కాన్‌స్టాట్ అనే పేట ఉంది. ఖనిజజలాల ఊటలకు పేరు. ఇక్కడి పార్కు పక్కన తోటలో చిన్న గాజుగది కనిపిస్తుంది. గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ ఇంజిన్లు చేసింది అందులోనే. 1885లో వాళ్లు రెండుచక్రాల బండికి బిగించిన 264 సీసీ ఇంజిన్ శక్తి అర హార్స్‌పవర్. అది చల్లబడిందీ గాలితోనే!

పిస్టన్ల కంపెనీ మాలే కేంద్ర కార్యాలయం కూడా ఈ పేటలోనే. గాలి ఇంజిన్‌కి మాలే ఇచ్చిన గొప్ప వరం నికాసిల్. అల్యూమినియం సిలిండరు లోపలివైపు నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిపిన పలచటి పూత అది. సిలిండరు గోడ పలచనైనా అరగదు, వేడిని త్వరగా వదిలేస్తుంది. 84 మిల్లీమీటర్ల బోరుని 90కి పెంచి 2.7 లీటర్ల ఆర్ఎస్ చేయగలిగారంటే కారణం ఆ పూతే.

మరి మన 2.2ని కూడా అలా పెంచేయొచ్చు కదా? ఇక్కడే మెలిక. 1968 నుంచి 911 క్రాంక్‌కేసుని మెగ్నీషియంతో పోశారు. ఇంజిన్ వెనక చక్రాలకి కూడా వెనక వేలాడుతుంది, తేలిగ్గా ఉంటే మంచిదని. మెగ్నీషియం ఒకలా వ్యాకోచిస్తుంది, సిలిండర్లని బిగించిపట్టే పొడుగు ఇనుప స్టడ్లు మరోలా. వేడి పెరిగేకొద్దీ ఆ లాగుడుకి కేసులోని మరలు ఊడొస్తాయి. 1974-77 మధ్య వచ్చిన 2.7 కార్లకి ఈ తలనొప్పి బాగా తగిలింది. మరల చోట ఉక్కు గొట్టాలు దించి బాగుచేయొచ్చు. 3.0 నుంచి కేసుని అల్యూమినియంతో పోయడం కూడా గుర్తుంచుకోవాలి.

పైగా 90 మిల్లీమీటర్ల సిలిండర్లు పట్టాలంటే పాత కేసు నోళ్లని కోసి వెడల్పు చేయాలి. కోసిన లోహం మళ్లీ అతకదు. ఫ్యాను పక్కన చెక్కిన ఇంజిన్ నంబరు ఉండేదీ ఆ కేసుమీదే. అది పాడైతే కారుతో పుట్టిన ఇంజిన్ పోయినట్టే. కొనేవాళ్లు మొట్టమొదట చూసేది ఆ నంబరే.

అడవి చెప్పే సంగతి

ఊరికి పడమట సాలిట్యూడ్ కోట. దాని కింద అడవిలో సుమారు పదకొండున్నర కిలోమీటర్ల మెలికల దారి. 1965 వరకూ అది రేసు ట్రాక్. 1962లో డాన్ గర్నీ ఇక్కడ ఫార్ములా వన్ కార్ల రేసులో గెలిచింది గాలితో చల్లబడే పోర్షేలోనే. ఎనిమిది సిలిండర్లు, ఒకటిన్నర లీటరు. ఇప్పుడది మామూలు రోడ్డే. వేగానికి హద్దుంటుంది, సైకిళ్లు తిరుగుతుంటాయి.

కారు దేనికి అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడ తెలుస్తుంది. క్యామ్‌షాఫ్ట్ అంటే ఇంజిన్ ఎప్పుడు ఊపిరి తీయాలో, ఎప్పుడు వదలాలో చెప్పే కడ్డీ. ‘ఎస్’ రకం క్యామ్ పెడితే 2.2 నుంచి 180 హార్స్‌పవర్ వస్తుంది. వచ్చేది ఎక్కడ? నిమిషానికి 6,500 చుట్ల దగ్గర. కింద మాత్రం నిద్రమత్తు. ఊళ్లో ట్రాఫిక్‌లో, అడవి మలుపుల్లో గేరు మార్చి మార్చి చెయ్యి నొప్పెడుతుంది. పైగా దాని కంప్రెషన్ 9.8, మంచి ఆక్టేన్ పెట్రోలు లేకపోతే టకటకా కొట్టుకుంటుంది. ‘ఇ’ రకానిది 155. పేరుకి తక్కువే, కానీ మధ్యచుట్లలోనే లాగుతుంది. 2.7 ఆర్ఎస్ గొప్పదనమూ అదే. సైజుతో బలం తెచ్చుకుంది కాబట్టి 8.5 కంప్రెషన్‌తో మామూలు పెట్రోలుకే పరిగెత్తేది.

కంప్రెషన్ పదికి పైన పెట్టాలంటే సిలిండరుకి రెండేసి స్పార్క్ ప్లగ్గులు కావాలి. పిస్టన్ బుడిపె అంత ఎత్తుంటే మంట అటు చివరికి చేరేలోపే ఇటు పని అయిపోతుంది మరి. 1966 నాటి రేసు కారు 906లో ఆ ఏర్పాటుంది. రోడ్డు 911కి వచ్చింది 1989లో.

ఇంకో చిన్న సంగతి, చలికాలం వస్తేగానీ తెలీదు. 911లో హీటరు వేడి సైలెన్సరు గొట్టాల చుట్టూ ఉన్న తొడుగుల్లోంచి వస్తుంది. రేసు గొట్టాలు పెడితే కొన్ని గుర్రాలు పెరుగుతాయి. జనవరిలో కాళ్లు కొంకర్లు పోతాయి!

‘హెచ్’ అక్షరం విలువ

స్టుట్‌గార్ట్ వీధుల్లో తిరిగే పాతకార్ల నంబరు ప్లేటు చివర ‘హెచ్’ అక్షరం ఉంటుంది. 30 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి 1997 నుంచి ఇస్తున్న గుర్తింపు అది. ఇంజిన్ ఎంత పెద్దదైనా కారుకి ఏడాదికి 191.73 యూరోల పన్నే. ఈ ఊళ్లో 2008 నుంచి పొగబండ్లకి ఆంక్షలున్నాయి. ‘హెచ్’ ఉన్నవాటికి మినహాయింపు.

ఆ గుర్తింపు ఇచ్చే ముందు అధీకృత నిపుణుడు మార్పులన్నీ పరీక్షిస్తాడు. ఆ కాలంలో, అంటే కారు పుట్టిన పదేళ్లలోపు చేయగలిగిన మార్పులైతే సాధారణంగా ఒప్పుకుంటాడు. 1970 కారులో 1973 నాటి 2.7 పద్ధతికి పేచీ ఉండదు. 3.0కీ ఆ గడువులో చోటుంది. 1984లో వచ్చిన 3.2, 1989 నాటి 3.6 అంటే మాత్రం కనుబొమలు పైకి లేస్తాయి. అంతేకాదు, అంత బలం పెడితే పాత గేరుబాక్సు, పాత బ్రేకులు తట్టుకోవాలి. ఇంజిన్‌తో మొదలైన ఖర్చు చక్రాలదాకా పాకుతుంది.

తిరిగొచ్చే దారే మేలు

స్టుట్‌గార్ట్‌కి పక్కనే బోబ్లింగెన్‌లో పాత విమానాశ్రయాన్ని 2009లో పాతకార్ల నిలయంగా మార్చారు. పేరు మోటార్‌వరల్డ్. జనం తమ కార్లని గాజుపెట్టెల్లో అంతస్తులు అంతస్తులుగా దాచుకుంటారు. కింద వర్క్‌షాపులు. గాజుపెట్టెలో మెరిసే కారుదీ, కింద లిఫ్టుమీద పొట్ట విప్పుకున్న కారుదీ ఒకటే సమస్య. ఎంత మార్చాలి?

ఊరంతా తిరిగొచ్చాక లెక్క తేలిగ్గానే కనిపిస్తుంది. కారుతో పుట్టిన ఇంజిన్ ఇంకా ఉంటే దాన్ని కోయొద్దు. ‘ఇ’ రకం పిస్టన్లు, క్యామ్‌లు వేసి, కార్బ్యురేటర్లు దానికి తగ్గట్టు సరిచేసి, హీటరు తొడుగులు ఉంచేసి, ముందువైపు అదనంగా ఓ ఆయిల్ కూలర్ బిగిస్తే రోడ్డుకి చాలు. తీసిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి దాచాలి. అంతకంటే వేగం కావాలనుకుంటే పాత ఇంజిన్‌ని పెట్టెలో భద్రపరిచి, విడిగా ఓ 3.0 కొని దాన్ని ఇష్టమొచ్చినట్టు చేసుకోవాలి. దాని కేసు అల్యూమినియం, దెబ్బలకి ఓర్చుకుంటుంది. ఇక కారుతో పుట్టిన ఇంజిన్ ఎప్పుడో పోయి, వేరేది ఉంటే మాత్రం దిగులెందుకు? 2.7 హాయిగా చేయించుకోవచ్చు.

హార్స్‌పవర్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. పుట్టినప్పటి నంబరు మాత్రం ఏ షెడ్డులోనూ దొరకదు.

వెళ్లాలంటే...

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుంచి స్టుట్‌గార్ట్‌కి వేగం రైల్లో గంటన్నరలోపు ప్రయాణం. పోర్షే మ్యూజియానికి సోమవారం సెలవు. లోపల ప్రవేశద్వారం దగ్గరే అద్దాల వెనక పాతకార్లు బాగుచేసే వర్క్‌షాపు కనిపిస్తుంది, తప్పక చూడాలి. వసంతకాలంలో వెళితే విమానాశ్రయం పక్కనున్న ఎగ్జిబిషన్ మైదానంలో రెట్రో క్లాసిక్స్ అనే పాతకార్ల సంతని కూడా చూడొచ్చు. సాలిట్యూడ్ దారికి మాత్రం తెల్లవారుజామే మంచి సమయం.