పిండిమర పెట్టిన పేరు

మాక్స్ ముల్లర్ పేరు వినని తెలుగు చదువరి అరుదు. సాయణ భాష్యంతో సహా ఋగ్వేదాన్ని 1849 నుంచి 1874 దాకా ఆరు సంపుటాలుగా అచ్చు వేయించిన పండితుడాయన. ఆయన ఇంటిపేరు మాత్రం పిండిమర దగ్గర పుట్టింది. ముల్లర్ అంటే జర్మన్‌లో మర ఆడించేవాడు. ఆ దేశంలో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే.

ఒకప్పుడు జర్మన్ పల్లెల్లో మనిషికి ఒక్క పేరే ఉండేది. 12వ శతాబ్దం నుంచి పట్టణాలు పెరిగాయి, పొలాల పత్రాలూ పన్నుల పద్దులూ పెరిగాయి. ఊళ్ళో నలుగురు యోహాన్‌లుంటే బాకీ ఎవరి పేర రాయాలి? అప్పుడు చేసే పనే ఆనవాలు అయింది. ఊరంతా సేద్యం చేసే చోట రైతు అంటే ఎవరో తేలదు. మర ఆడించేవాడంటే సందేహం ఉండదు, చాలా ఊళ్ళకు మర ఒక్కటే. అలా ఊరూరా ఒక కుటుంబానికి ఆ పేరు స్థిరపడింది. ఉత్తరాదిన అదే మోల్లర్ అయింది, అమెరికాకు వలస వెళ్ళిన చాలామంది ఇళ్ళలో మిల్లర్‌గా మారింది.

ఇంత వ్యాపించిన పేరుకు మొదట్లో గౌరవం తక్కువ. మర సాధారణంగా జమీందారుదో మఠానిదో. చాలాచోట్ల రైతులు ఆ మరలోనే ధాన్యం ఆడించుకోవాలన్న కట్టడి ఉండేది. కూలి కింద గింజల్లోనే కొంత భాగం తీసుకునేవారు. కొలపాత్ర మరవాడి చేతిలో ఉంటే అనుమానం రాకుండా ఉంటుందా? కొన్ని ప్రాంతాల్లో వృత్తి సంఘాలు మరవాళ్ళ పిల్లలను చేర్చుకోలేదు. అలా వెలి వేయకూడదని 1548లో సామ్రాజ్య శాసనమే చెప్పాల్సి వచ్చింది.

ఆ మనిషి పని తలచుకుంటే నాకు ఈ నింద బాధగా ఉంటుంది. వాగులో నీరు ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో కనిపెట్టాలి. తూము తలుపు ఎత్తాలి, దించాలి. చక్రం పళ్ళు విరిగితే కొయ్య చెక్కి కొత్తవి బిగించాలి. అరిగిన మరరాళ్ళకు ఉలితో మళ్ళీ గాళ్ళు కొట్టాలి. వడ్రంగం, రాతిపని, యంత్రజ్ఞానం ఒక్కడిలోనే ఉండాలి. అతని చేయి ఆగితే ఊరికి రొట్టె లేదు.

15వ శతాబ్దంలో రెగియోమోంటానస్‌గా పేరు పొందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు యోహాన్నెస్ ముల్లర్ నిజంగానే మరవాడి కొడుకు. మూడు శతాబ్దాల తర్వాత, 1794లో, దెస్సావులో పుట్టిన కవి విల్‌హెల్మ్ ముల్లర్ తండ్రి దర్జీ. అప్పటికి ఆ ఇంట్లో పని మారినా పేరు మారలేదు. చిత్రంగా ఆ దర్జీ కొడుకే మరలో పనిచేసే కుర్రవాడి ప్రేమను కవితల మాలగా రాశాడు. 1823లో సంగీతకర్త షూబర్ట్ దానికి బాణీలు కట్టాడు. అదే ఏడు ఆ కవికి కొడుకు పుట్టాడు. అతడే మన మాక్స్ ముల్లర్.

ఊరి అనుమానాలు పోయాయి, కట్టడులు పోయాయి, పాత మరలు చాలావరకు ఆగిపోయాయి. ఊరికి మరవాడితో ఉన్న అవసరం మాత్రం పేరై మిగిలింది. వేదం అచ్చు వేయించినవాడూ, 62 అంతర్జాతీయ మ్యాచుల్లో 68 గోల్స్ కొట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు గెర్డ్ ముల్లరూ, 2009లో నోబెల్ అందుకున్న రచయిత్రి హెర్టా ముల్లరూ మోసినది ఆ పేరునే. తన పేరులో ఎవరి శ్రమ ఉందో తెలిసినవాళ్ళు ఏ శ్రమనూ చిన్నచూపు చూడలేరని నా నమ్మకం.