పండుగప్పకు ప్లాస్టిక్ రొయ్య!

భీమవరం చేపల మార్కెట్లో పండుగప్ప దిగిందంటే బేరాలు జోరందుకుంటాయి. ఆస్ట్రేలియా ఉత్తరం కొసన ఉన్న డార్విన్‌లో అదే చేపను 'బర్రాముండి' అంటారు. ఊరు ఊరంతా దాని వెనకే పడుతుంది. దాన్ని మోసం చేయడానికి అమెరికా నుంచి మెత్తటి ప్లాస్టిక్ రొయ్యలు, వానపాములు, చేపపిల్లలు పార్సిళ్లలో దిగుతాయి. కస్టమ్స్ గీత దాటి అవి తామర కొలనులో పడేదాకా సాగే కథ ఇది.

ఢిల్లీకి దూరం, జకార్తాకు దగ్గర!

డార్విన్ ఆస్ట్రేలియాలోనే ఉన్నా సిడ్నీకి మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం. ఇండొనేసియా రాజధాని జకార్తా అంతకన్నా దగ్గర. మనవాళ్లు సింగపూర్ మీదుగా వెళ్తారు. అక్కణ్నుంచి విమానంలో నాలుగున్నర గంటలు. దిగగానే మన కోనసీమలో దిగినట్టే ఉంటుంది. అదే ఉక్క, అవే కొబ్బరిచెట్లు, మామిడిచెట్లు, సముద్రం పక్కన మడ అడవులు. ఆటుపోట్లు మాత్రం మనం చూసినవి కావు. కొన్ని రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం ఎనిమిది మీటర్ల దాకా తేడా వస్తుంది. పొద్దున పడవ కట్టిన చోట మధ్యాహ్నానికి బురద తేలుతుంది.

ఈ ఊరు రెండుసార్లు నేలమట్టమై మళ్లీ లేచింది. 1942 ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు బాంబులు కురిపించాయి. 1974 క్రిస్మస్ ముందురోజు రాత్రి ట్రేసీ తుపాను ఊరిని ఊడ్చేసింది. మన దివిసీమవాళ్లకు ఈ మాట వేరే చెప్పాలా! ఇప్పుడు గురువారం, ఆదివారం సాయంత్రాల్లో మిండిల్ బీచ్ సంతకు జనం చాపలు పట్టుకెళ్లి సూర్యాస్తమయం చూస్తుంటారు. వేసవి కాని వేసవి అది. మే నుంచి అక్టోబరు దాకా చినుకు పడదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన ఆగదు.

పేరు వేరు, చేప ఒకటే

బర్రాముండి అనేది క్వీన్స్‌లాండ్ ఆదివాసుల మాట. పెద్ద పొలుసుల నదిచేప అని అర్థం. శాస్త్రవేత్తల పుస్తకంలో దానికీ మన పండుగప్పకూ ఒకటే పేరు... లాటెస్ కాల్కరిఫర్. ఉప్పునీటిలో పుడుతుంది, మంచినీటి మడుగుల్లో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి మళ్లీ మొగల్లోకి వస్తుంది.

ఇంతకన్నా వింత మరొకటుంది. పండుగప్పలు దాదాపు అన్నీ ముందు మగవే! కొన్నేళ్లు మగచేపగా బతికి, ఒంటికి సైజు వచ్చాక ఆడచేపగా మారతాయి. అంటే నదిలో కనిపించే భారీ చేపలన్నీ తల్లులే అన్నమాట. అందుకే అక్కడ మీటరు దాటిన చేపను పట్టినవాళ్లలో చాలామంది ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలోకి వదిలేస్తారు. ఆ సైజు చేపకు వాళ్ల ముద్దుపేరు 'మీటరీ'.

కకాడు జాతీయ వనంలో ఉబిర్ అనే కొండగుహల దగ్గర ఆదివాసులు గీసిన బొమ్మలున్నాయి. అందులో చేపల బొమ్మల్ని చూస్తే ఎక్స్‌రే తీసినట్టు లోపలి ముల్లు, పేగులు కనిపిస్తాయి. వాటిలో బర్రాముండీ ఉంది. చేపను కోయడం, వండటం, పంచుకోవడం తెలిసినవాళ్ల గీత అది. కకాడును 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఈ చేప మీద మోజు ఎంతంటే, 2015 నుంచి నదుల్లో చేపలకు ట్యాగులు కట్టి వదిలి పోటీ పెడుతున్నారు. ట్యాగు చేప చిక్కితే పది వేల డాలర్లు. ఒకే ఒక్క రకం ట్యాగుకైతే పది లక్షలు! 2024 డిసెంబరులో కాథరిన్‌లో ఓ పందొమ్మిదేళ్ల కుర్రాడు ఆ పది లక్షల చేపను పట్టి వార్తల్లోకెక్కాడు.

వంటింట్లో పుట్టిన వానపాము

మాకు ఆతిథ్యమిచ్చిన మిత్రుడిది భీమవరం పక్క పల్లె. పదకొండేళ్లుగా డార్విన్‌లో అకౌంటెంటు. వాళ్ల గ్యారేజీలో కారుకన్నా గాలాలకే చోటెక్కువ. గోడకు వరసగా జిప్ సంచులు వేలాడుతుంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో రంగు... రొయ్య, కప్ప, చేపపిల్ల. పట్టుకుంటే జున్నులా మెత్తగా, తోక కదిలిస్తే ప్రాణమున్నట్టే ఊగుతుంది.

వీటి పుట్టిల్లు అమెరికా. 1949లో ఒహాయో రాష్ట్రంలోని అక్రాన్‌లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా తమ వంటింట్లోనే ప్లాస్టిక్ కరిగించి అచ్చుపోసి వానపామును తయారుచేశారు. ఆ వ్యాపారం తర్వాత టెక్సాస్‌కు మారింది. ఇప్పటికీ చాలా రకాలు అదే పద్ధతిలో తయారవుతున్నాయి. పీవీసీ పొడిని మెత్తబరిచే నూనెలాంటి రసాయనంలో కలిపి, వేడిచేసి, అచ్చుల్లో పోస్తారు. నూనె ఎంత ఎక్కువైతే బొమ్మ అంత మెత్తన.

"ఆ నూనె వల్లే చిక్కులండీ. మామూలు ప్లాస్టిక్ డబ్బాలో పెడితే డబ్బానే కరిగిపోద్ది. రెండు కంపెనీల సరుకు ఒకే సంచిలో వేస్తే కొన్నయితే ముద్దయిపోతాయి. అందుకే ఎవడి సంచి వాడిదే!" అని నవ్వాడు మిత్రుడు.

మెత్తనిదే ఎందుకు? కొలనుల్లో తామరాకులూ నాచూ దట్టంగా ఉంటాయి. ఇనుప కొక్కెం బయటికి ఉంటే ప్రతి విసురుకూ ఓ తామరకాడ తగులుకుంటుంది. మెత్తటి బొమ్మలోనైతే కొక్కెం మొనను ఒంట్లోనే దాచేయొచ్చు. ఆకుల మీంచి జారుకుంటూ వచ్చేస్తుంది. చేప నోరు మూసినప్పుడే మొన బయటికొస్తుంది. మనవాళ్లు ఎర మీద ఎర గుచ్చే చోట, వీళ్లు ఒక్క బొమ్మతో రోజంతా గడిపేస్తారు.

వెయ్యి డాలర్ల గీత

డార్విన్‌లో గాలాల దుకాణాలు లేవా అంటే, ఉన్నాయి. కానీ అన్ని రంగులూ, అన్ని సైజులూ దొరకవు, ధరా ఎక్కువే. 2010 చివర్లో ఆస్ట్రేలియా డాలరు అమెరికా డాలరుతో సమానమైంది. 2011లో దాన్ని మించింది కూడా. అప్పుడు దేశమంతా విదేశీ దుకాణాల మీద పడింది. ప్లాస్టిక్ బొమ్మలు తేలిక కాబట్టి తపాలా ఖర్చూ తక్కువే. స్థానిక వ్యాపారులు లబోదిబోమన్నారు. మేము పన్ను కట్టి అమ్ముతుంటే బయటి సరుకు పన్ను లేకుండా వస్తోందన్నది వాళ్ల గోడు.

దాంతో 2018 జులై 1 నుంచి పద్ధతి మారింది. వెయ్యి ఆస్ట్రేలియా డాలర్లు, ఆలోపు సరుకుకు అమ్మేవాడే పది శాతం జీఎస్టీ వసూలుచేసి ఆస్ట్రేలియా ప్రభుత్వానికి కట్టాలి. ఏడాదికి 75 వేల డాలర్లకు మించి ఆ దేశానికి అమ్మే సంస్థలన్నిటికీ ఇది వర్తిస్తుంది. పార్సిలు మాత్రం నేరుగా ఇంటికొచ్చేస్తుంది. వెయ్యి దాటిందంటే కథ వేరు. దిగుమతి డిక్లరేషన్ దాఖలు చేయాలి, ఆ రుసుము కట్టాలి, సుంకం ఉంటే అదీ కట్టాలి. పైగా జీఎస్టీని సరుకు విలువ మీదే కాదు, రవాణా, బీమా ఖర్చుల్నీ కలిపి లెక్కగడతారు.

మిత్రుడి బృందం ఓసారి ఇక్కడే ఇరుక్కుంది. రవాణా ఖర్చు కలిసొస్తుందని అయిదుగురు కలిసి ఒకే ఆర్డరు పెట్టారు. సరుకు 1,200 డాలర్లు, రవాణా మరో వంద. సుంకం పడని సరుకే అనుకున్నా 1,300 మీద పది శాతమంటే 130 డాలర్లు. డిక్లరేషన్ రుసుము, ఏజెంటు ఫీజు అదనం. రవాణాలో మిగిలింది కాస్తా ఇటు పోయింది. "విలువ తగ్గించి రాయమని అమ్మేవాణ్ని అడుగుదాం, బహుమతి అని రాయిద్దాం" అని ఒకరిద్దరు అన్నారట. "నేను పొద్దున లేస్తే పదిమంది లెక్కలు సరిచూసేవాణ్నండీ. నా పేరుమీద వచ్చే కాగితంలో దొంగలెక్క రాయించనా?" అని కుదరదన్నాడు. అబద్ధం రాస్తే సరుకు పోవడమే కాదు, కేసూ అవుతుంది.

అంతటితో అయిపోలేదు. సంచుల్లో కొన్ని బొమ్మలకు తోకలుగా ఈకలు కట్టి ఉన్నాయి. ఈక అంటే జంతు సంబంధం. జీవభద్రత అధికారులు పార్సిలు విప్పి, చూసి, శుభ్రంగా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే వదిలారు. రెండు వారాలు ఆలస్యం. ఉత్త ప్లాస్టిక్ అయితే ఆ బాధ ఉండేది కాదు.

మన దగ్గర ఇలాంటి గీత ఒకప్పుడు బహుమతులకు ఉండేది. అయిదు వేల రూపాయల దాకా సుంకం లేకుండా వచ్చేవి. 2019 డిసెంబరులో దాన్ని ఎత్తేశారు. రాఖీలు, ప్రాణరక్షక మందులను మినహాయించారు.

రొయ్య అంటే అంత భయమెందుకు?

ఒక్క ఈక కోసం ఇంత హడావుడా అనిపిస్తుంది. ఆ మాటే అంటే మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"1995లో నాకు పదేళ్లండి. నాన్న నాలుగెకరాలు కౌలుకు తీసుకుని రొయ్యలు వేశాడు. ఓ రోజు తెల్లారి చెరువు దగ్గరికెళ్తే రొయ్యలన్నీ గట్టు పక్కకు చేరి ఉన్నాయి. పట్టి చూస్తే తలమీద తెల్లమచ్చలు. మూడు రోజుల్లో చెరువు ఖాళీ. నాన్న గట్టుమీదే కూర్చుండిపోయాడు. అమ్మ గాజులు అప్పుడు బ్యాంకుకెళ్లినవి మళ్లీ రాలేదు."

కోస్తా రైతులకు ఆ 'వైట్‌స్పాట్' గురించి చెప్పనక్కర్లేదు. 1994-95లో అది మన చెరువుల్ని తుడిచిపెట్టింది. మనుషులకు ఏ హానీ చేయని ఆ వైరస్ రొయ్యల్ని మాత్రం బతకనివ్వదు. ఆస్ట్రేలియా రొయ్యల చెరువులు చాలాకాలం దీన్నుంచి తప్పించుకున్నాయి. 2016 చివర్లో క్వీన్స్‌లాండ్‌లోని లోగన్ నది పక్క చెరువుల్లో బయటపడింది. తినడానికి దిగుమతి చేసుకున్న పచ్చిరొయ్యను ఎవరో గాలానికి ఎరగా గుచ్చి ఉండొచ్చన్నది అప్పటి అనుమానాల్లో ఒకటి. 2017 జనవరిలో పచ్చిరొయ్యల దిగుమతి ఆపేశారు. జులైలో కఠిన షరతులతో మళ్లీ మొదలుపెట్టారు. తినడానికి కొన్న రొయ్యను ఎరగా వాడొద్దని ఇప్పటికీ ప్రచారం చేస్తుంటారు. ఆ షరతుల దెబ్బ మన ఎగుమతిదారులకూ తగిలింది.

"అందుకే నేను పచ్చిరొయ్య ఎర ముట్టనండి. వాళ్లు పెట్టె విప్పి చూస్తుంటే మావాళ్లు విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ రోజు మా చెరువు గట్టుమీద ఇలాంటోడు ఒక్కడున్నా బాగుండేది అనిపిస్తది" అన్నాడు చేతిలోని ప్లాస్టిక్ రొయ్యను తిప్పి చూస్తూ.

తామరల మధ్య, మొసళ్ల పక్కన

డార్విన్ నుంచి తూర్పుగా సుమారు వంద కిలోమీటర్లు వెళ్తే కరాబరీ బిలబాంగ్ అనే కొలను వస్తుంది. బిలబాంగ్ అంటే నది వదిలేసిన పాయలో నిలిచిన మడుగు. మేము వెళ్లింది ఏప్రిల్లో. వానలు తగ్గి, పొలాల్లోని నీళ్లు నదుల్లోకి జారే కాలం. ఆ నీళ్లతో వచ్చే చిన్నచేపల కోసం బర్రాలు కాపుకాస్తాయి. కొలను నిండా గులాబీరంగు తామరలు... అచ్చం మనవే! ఆకుల మీద నడిచే పిట్టలు, గట్టున గుంపులుగా బాతులు. ఆ అందం చూసి చెయ్యి నీళ్లలో పెట్టబోయారో, అయిపోయారే. ఇక్కడి ఉప్పునీటి మొసళ్లను 1971 నుంచి చట్టం కాపాడుతోంది. ఓ మొసలి మా పడవకు ఇరవై గజాల్లో దుంగలా తేలుతూ మమ్మల్నే చూస్తోంది.

మిత్రుడి పదేళ్ల కూతురు బొమ్మ రొయ్యను ఆకుల అంచుకు విసిరింది. రెండు లాగులు, చిన్న విరామం, మళ్లీ లాగు. ఉన్నట్టుండి 'బుఫ్' అని నీళ్లు పేలినంత శబ్దం. బర్రా కొరకదు, నోరు తెరిచి నీళ్లతో సహా మింగేస్తుంది. వెండిరంగు చేప గాల్లోకెగిరి తలాడించింది. అయిదు నిమిషాల పెనుగులాట తర్వాత వలబుట్టలోకి వచ్చింది.

కొలబద్ద మీద పెట్టారు. 53 సెంటీమీటర్లు. ఇంటికి తీసుకెళ్లాలంటే కనీసం 55 ఉండాలి. చుట్టూ మైళ్ల దూరంలో అధికారి కాదు కదా, మరో పడవ కూడా లేదు. "తోక కాస్త లాగితే సరిపోద్దేమో నాన్నా?" అంది పాప. వాళ్ల నాన్న ఏమీ అనలేదు. తను మళ్లీ కొలిచింది. మళ్లీ 53. ఓ నిట్టూర్పు విడిచి, చేపను నీళ్లలోకి దించింది. అది ఒక్క తోక విసురుతో తామరల కిందికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి వాళ్లింట్లో పులుసు ఉంది. చేప మాత్రం మార్కెట్లో కొన్నదే!

వెళ్లేవాళ్లకూ, తెప్పించుకునేవాళ్లకూ...

• విమానంలో ఇచ్చే ప్రయాణికుల కార్డులో ఆవకాయ, పొడులు, ఎండుచేపలు, చెక్క, ఈకలు ఏమున్నా ఉన్నట్టే రాయండి. రాసి చూపిస్తే ఒకవేళ తీసేసుకున్నా జరిమానా ఉండదు. దాచి దొరికితే వేల డాలర్ల జరిమానా, కొన్నిసార్లు వీసాకే ఎసరు.

• గత 30 రోజుల్లో పొలాలకో, చెరువులకో, నదులకో వెళ్లారా అనీ అడుగుతారు. వాడిన గాలాలు, బూట్లు తీసుకెళ్తుంటే బురద లేకుండా కడిగి ఆరబెట్టండి.

• విదేశాల నుంచి తెప్పించుకునే సరుకుకు బిల్లు దాచుకోండి. పార్సిలు మీద రాసే వివరం, విలువ బిల్లుతో సరిపోవాలి.

• చేపలవేటకు నార్తర్న్ టెరిటరీలో లైసెన్సు అక్కర్లేదు. సైజు, సంఖ్యల పరిమితులు మాత్రం నదిని బట్టి మారతాయి. బయల్దేరే ముందు కనుక్కోండి.

• బర్రా వేటకు మార్చి నుంచి మే దాకా అదను. ఊరూ, కకాడూ చూడటానికైతే మే నుంచి సెప్టెంబరు హాయి.