సరమ

పల్లెలయందు కుక్కపిల్లను పెంచుకొనుటకు పెద్ద ప్రయత్న మక్కరలేదు. వీధిలో పుట్టిన పిల్ల యొకటి బాలుర వెంట ఇంటికి వచ్చును. గిన్నెడు మజ్జిగన్నము దొరకినచో మరల పోదు. కృష్ణాతీరమున ఒక గ్రామములో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలు డొకడు ఇట్లే ఒక పిల్లను తెచ్చెను. దాని తల్లి ఊరకుక్క. తండ్రి మాత్రము బియ్యపు మిల్లు యజమాని ఇంటి పొమెరేనియన్ అని ఊరివారి ఊహ. మెడచుట్టు జూలు, వెన్నుమీదికి చుట్టుకొన్న తోక తండ్రివనియు, గోధుమవన్నె, పొడవు కాళ్లు తల్లివనియు బాలుడు మిత్రులకు వివరించుచుండెను. ఆ తల్లి నాలుగు దినములనుండి కనబడుట లేదు. ఎచ్చటికి పోయెనో ఎవరికిని తెలియదు.

బాలుని తాతగారు భారతము చదివినవారు. ఆడపిల్ల యగుటచే దానికి ‘సరమ’ అని పేరు పెట్టిరి. సరమ దేవతల కుక్క. ఆమె కథ నన్నయగారి ఆదిపర్వములో ఉన్నది. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమ కొడుకు సారమేయుడు ఆడుకొనుచు అచ్చటికి వచ్చెను. తప్పేమియు చేయని ఆ పిల్లను రాజుగారి తమ్ములు కొట్టిరి. తల్లి వచ్చి రాజునే నిలదీసెను. అంతటి మహాగ్రంథమున ఒక కుక్కపిల్ల మొర ఆరంభముననే వినబడుట చాలమంది గమనింపరు.

ఒక శనివారము ఉదయమున తాతగారు సరమను వెదురుబుట్టలో పెట్టించి, మనుమని వెంటబెట్టుకొని మండల కేంద్రములోని పశువైద్యశాలకు బయలుదేరిరి. “ఊరకుక్కకు కూడ డాక్టరా?” అని పొరుగాయన నవ్వెను. “జబ్బునకు జాతి తెలియునా?” అని తాతగారు బస్సెక్కిరి.

ఆసుపత్రి ఆవరణలో ఇనుపగొట్టముల చట్రమునడుమ ఒక గేదె నిలిచియుండెను. దానిని చూచి సరమ బుట్టలో ముడుచుకొనెను. చీటీ వ్రాయు నతడు “ఏ జాతి?” అని అడుగగా బాలుడు తటాలున “పొమెరేనియన్” అనెను. డాక్టరుగారు పిల్లను ఒకసారి చూచి, చిరునవ్వుతో ఆ మాట కొట్టివేసి ‘సంకరజాతి’ అని వ్రాసిరి. బాలుని ముఖము చిన్నబోయెను.

ఆమె పిల్ల నోరు తెరచి చూచిరి. కుక్కకు పాలపండ్లు ఇరువదియెనిమిది, పెద్దదైన పిమ్మట నలువదిరెండు. సరమకు పాలపండ్లన్నియు వచ్చినవి. కావున వయస్సు సుమారు రెండు నెలలు. పిమ్మట తోకక్రింద జ్వరమాని పెట్టి చూడగా నూటరెండు డిగ్రీ లుండెను. “అయ్యో, జ్వరము!” అని బాలుడు కంగారుపడెను. “మనకైన జ్వరమే, దీనికి కాదు. కుక్క ఒంటివేడి సహజముగా నూటఒకటి మొదలు నూటరెండున్నర వరకు ఉండును” అని ఆమె చెప్పిరి. ఉబ్బిన పొట్టను చూచి బాలుడు ఇంతకాలము తాను బాగుగ మేపుచున్నాననుకొనెను. అది నులిపురుగుల వలన కలిగిన ఉబ్బు. ఆ పురుగులు కొన్ని తల్లికడుపులోనే, కొన్ని తల్లిపాలలో పిల్లకు చేరునట! డాక్టరుగారు పిల్లను తూచి, తూకమును బట్టి మందు పోసి, పదునైదు దినములకు మరల తీసికొనిరమ్మనిరి. చెవులలోని పిడుదులను తీయించిరి. 1978 లో బయటపడి లోకమంతట కుక్కపిల్లలను పొట్టనబెట్టుకొన్న పార్వో వ్యాధికి మొదటి టీకా వేసిరి. రేబిస్ టీకా మూడు నెలలు నిండిన పిదప వేయవలెను.

చీటీ చేతికిచ్చుచు ఆమె ఆగిరి. బాలుని బొటనవ్రేలి మొదట తెల్లగా సున్నము పూసియుండెను.

“బాబూ, అదేమి?”

“మేకు గీచుకొన్నదండీ.”

డాక్టరుగారు మారుపలుకక సరమ పెదవి పైకెత్తి, సూదులవంటి పండ్లను చూపిరి. “ఈ మేకులేనా?”

బాలుడు తలవంచుకొనెను. నిన్నటి సాయంకాలము ఆటలో పన్ను దిగి రక్తము వచ్చినది. నాయనమ్మ తమలపాకుల పెట్టెలోని సున్నము దొంగిలించి పూసికొన్నాడు. “చెప్పినయెడల దీనిని ఊరిబయట వదలివేయుదురని...” అని ఏడ్చెను. తాతగారి చేతికఱ్ఱ వణకెను.

ఆమె కోపపడలేదు. ఆవరణలోని కుళాయి క్రింద సబ్బుతో, గడియారము చూచి పదునైదు నిమిషములు గాయమును కడిగించిరి. సున్నము, కారము, పసుపు పూయుట మేలుకు మారు కీడు చేయును. “దీనికి రేబిస్ ఉన్నదని నే ననుట లేదు, లేదని చెప్పుటకును వీలులేదు. తల్లి ఏమైనదో మనకు తెలియదు గదా! ఆ క్రిమి చొంగతో గాయములో దిగి, నరములవెంట మెల్లగా మెదడునకు ప్రాకును. మెదడు చేరి లక్షణములు కనబడిన తరువాత బ్రతుకుట దాదాపు లేదు. అది చేరకమునుపే టీకా దానిని అడ్డగించును. నేడే మనుష్యుల ఆసుపత్రికి పొండు.”

“బొడ్డుచుట్టు పదునాలుగు సూదులా, అమ్మా?” అని తాతగారు అడిగిరి. వారి బాల్యమున అట్లే ఉండెడిది. ఇప్పుడా పద్ధతి లేదు. సూది భుజమునకే వేయుదురు. 1885 జూలై 6వ తేదీన పాశ్చరు పండితుడు పారిస్ నగరమున ఇట్టి టీకాను మొదట వేయించినది కూడ జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికే.

“మరి సరమ?” అని బాలుడు మెల్లగా అడిగెను.

“దానిని వదలవలదు, కొట్టవలదు. కట్టివేసి పదిదినములు కనిపెట్టి చూడుడు. అన్నము మానినను, తీరు మారినను నాకు చెప్పుడు. తరిమివేసినచో దాని సంగతి మన కెట్లు తెలియును?”

బాలుడు నోరు తెరచి ఆమెను చూచెను. ఏ మాట దాచినందువలన పిల్ల నిలుచునని తలంచెనో, ఆ మాట చెప్పినందువలననే అది ఇంట నిలిచినది.

ఆనాడే అతనికి ఆసుపత్రిలో టీకా వేసిరి. రక్తము వచ్చిన గాయ మగుటచే, టీకా పనిచేయునంతవరకు కాపుగా గాయముచుట్టు మరియొక మందు కూడ ఎక్కించిరి. అది నిజముగా నొప్పి. బాలుడు తాతగారి పంచె గట్టిగా పట్టుకొనెను. మూడవనాడు, ఏడవనాడు మరల వెళ్లిరి. వసారాగోడపై బొగ్గుతో రోజుకొక గీత పడుచుండెను. అయిదవ గీతనాడు సరమ అన్నము ముట్టలేదు. ఇంటిల్లిపాది మాటలు మానిరి. నాయనమ్మ దేవునికి మ్రొక్కుకొనెను. తాతగారు డాక్టరుగారికి ఫోను చేయబోవునంతలో పొరుగాయన గోడమీదుగా, తానే దానికి గిన్నెడు పెరుగన్నము పెట్టితినని సిగ్గుపడుచు చెప్పెను! పదునొకండవనాటి ఉదయమున సరమ తాతగారి చెప్పును పెరటిలోని అరటిచెట్ల మొదటికి ఈడ్చుకొనిపోయెను. తాతగారు దానిని వెదకుకొనుచు, కోపము రాక, నవ్వుచు తిరిగిరి.

మూడు నెలలు నిండినపుడు సరమ రేబిస్ టీకాకై మరల అదే బల్లమీద నిలిచెను. చీటీ వ్రాయు నతడు జాతి అడుగగా బాలుడు “సంకరజాతి, పేరు సరమ” అని స్పష్టముగా చెప్పెను. సూది వేసిన పిమ్మట డాక్టరుగారు అతనివైపు తిరిగిరి. ఆమె అడుగకమునుపే బాలుడు రెండు చేతులును చాచి చూపెను.