రెండవ ప్రతి

తాళపత్రాల కాలం నుండి కంప్యూటరు కాలం వరకు అక్షరానికి శత్రువులు మారినారే గాని శత్రుత్వం మారలేదు. పోతనామాత్యుని భాగవతంలో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయలు పూరించవలసి వచ్చినది. మూలానికి సమగ్రమైన రెండవ ప్రతి ఉండి ఉంటే ఆ అవసరం కలిగేదా! సి.పి. బ్రౌన్ దొర పండితులకు జీతమిచ్చి శుద్ధ ప్రతులు వ్రాయించినందువల్లనే ఎన్నో కావ్యాలు మనకు దక్కినవి. తరగతిలో ఈ మాటలు ఏటేటా చెప్పే మేమే, మా బల్లమీది యంత్రం విషయంలో వాటిని మరచాము.

మన ముస్లిం ఇండ్లలో వృద్ధ స్త్రీలు మాట్లాడే, ఉర్దూ కలసిన తెలుగు పలుకుబళ్లను మా విద్యార్థినులు మూడేండ్లుగా సేకరిస్తున్నారు. వారి కంఠస్వరాలతో సహా అదంతా మా శాఖ కంప్యూటరులోని ప్రధాన హార్డ్ డిస్కులో ఉండేది. రెండవ డిస్కు కూడా ఒకటి కొన్నాము. ఒకసారి ప్రతి తీసి, బీరువాలో పెట్టి తాళం వేశాము. కర్తవ్యం తీరినదనుకున్నాము.

గత వేసవిలో ఒక ఉదయం ప్రధాన డిస్కు టకటకమని చప్పుడు చేసి మూగవోయినది. దానిలో అయస్కాంత పూత గల పళ్లెములు గిరగిర తిరుగుతుంటాయి. వెంట్రుక మందం కంటె ఎంతో తక్కువ ఎడంలో, వాటిని తాకకుండా, చదివే మొన కదలుతుంటుంది. ఆ మొన ఒరిసిన చోట వ్రాత మిగలదు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన తొలి డిస్కు యంత్రం 50 పళ్లెములతో సుమారు 50 లక్షల అక్షరాలను మోసేది. నేడు అరచేతిలో ఇమిడే డిస్కు అంతకు లక్షల రెట్లు మోస్తుంది. కనుక పోయేదీ అంతే.

బీరువాలోని డిస్కును తగిలించి చూశాము. రెండేండ్ల సేకరణ చెక్కుచెదరక లభించినది. చివరి పది నెలలది లేదు. ఒక విద్యార్థిని తన నానీమా చేత చెప్పించిన ఇరువది నిమిషాల ముచ్చట్లు ఆ పది నెలలలోనివే. ఆ పెద్దామె అంతకు రెండు నెలల ముందే కన్నుమూశారు. ఆ అమ్మాయి మమ్ము నిందించలేదు. "సార్, మరెక్కడా లేదా?" అని మాత్రం అడిగినది. మా ఎం.ఏ. పట్టాలో ఆ ప్రశ్నకు సమాధానం లేదు.

ప్రతి తీయుట ఒకనాటి పని అనుకోవడమే మేము చేసిన తప్పు. ఇప్పుడు ప్రతి శనివారం సాయంకాలం రెండవ డిస్కుకు ప్రతి తీస్తున్నాము. పని కాగానే తీగ ఊడదీస్తాము. ఎల్లప్పుడూ తగిలించి ఉంచితే పిడుగుపాటో, వైరసో రెంటినీ ఒక్కసారే కబళించగలదు. పాత వారాల ప్రతులను వెంటనే చెరపము, పొరపాటున చెరిగినది వాటిలోనైనా దొరుకుతుంది గదా! నెలకొకసారి తెరచి చదివి చూస్తాము. చదవలేని ప్రతి ఉన్నా లేనట్లే. కమిటీవారు దయతో ఇప్పించిన మూడవ డిస్కు వేరొక భవనంలో ఉంటుంది.

ఈ శనివారపు బాధ్యతను ఆ విద్యార్థినియే కోరి తీసుకున్నది. విద్యార్థులారా! మీ ఇంటి పెద్దల మాట ఏదైనా మీ యంత్రంలో ఉన్నచో, ఈ వ్యాసం ముగించిన వెంటనే దానికి రెండవ ప్రతి తీయండి. వచ్చే వారం మరల తీయండి.