స్టేషను వీధిలో నిద్ర

రైలు స్టేషనుకో బస్టాండుకో ఆనుకుని ఇల్లున్నవారిని "ఈ రొదలో ఎలా పడుకుంటున్నారండీ?" అని అడిగితే దాదాపు అందరూ ఒకే జవాబు చెబుతారు: "మాకు అలవాటైపోయింది." ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసినంతకాలం ఈ మాట విన్నాను. అందులో సగమే నిజం. చెవికి అలవాటవుతుంది. గుండెకు, రక్తనాళాలకు అంత సులభంగా అలవాటు కాదు.

మాది పాకాల జంక్షను. 19వ శతాబ్దపు చివరి దశకంలో మీటర్ గేజ్ మార్గం వచ్చిన నాటినుంచి ఈ ఊరి బతుకు రైలుతో ముడిపడి ఉంది. ఒక దారి తిరుపతికి, ఒకటి చిత్తూరు మీదుగా కాట్పాడికి, ఇంకొకటి పీలేరు, కదిరి మీదుగా ధర్మవరానికి. మా చిన్నతనంలో బొగ్గు ఇంజను కూత వినబడితే ఆడవాళ్లు పొయ్యిమీద ఎసరు పెట్టేవారు. అదే గడియారం. అయితే ఒక బండికీ మరో బండికీ మధ్య గంటల తరబడి నిశ్శబ్దం ఉండేది. ఆ నిశ్శబ్దంలోనే ఊరు నిద్రపోయేది.

ఇక్కడికి 42 కిలోమీటర్ల దూరంలోని తిరుపతి స్టేషను ప్రాంతంలో ఆ విరామం లేదు. మా అక్క యాభై ఏళ్లుగా గోవిందరాజస్వామి గుడికి దగ్గరలోని ఒక సందులో ఉంటున్నది. నెలకోసారి వెళ్లి ఒక రాత్రి ఉండి వస్తాను. అర్ధరాత్రి దాటాక కూడా "కొండకు, కొండకు" అని జీపులవాళ్ల కేకలు, మూడు నాలుగు భాషల్లో ప్రకటనలు, చక్రాల పెట్టెలు రాళ్లమీద దొర్లే శబ్దం, కరెంటు పోతే లాడ్జి జనరేటరు. ఇల్లు మారమని పిల్లలు పోరుతుంటారు. ఆమె వినదు. నిజానికి నాకూ ఆమె వాదన కొంత సబబుగానే తోస్తుంది. కూరగాయలకు, గుడికి, మందుల షాపుకు రోజూ నడిచే వెళుతుంది. ఎనభై దగ్గరపడినా మోకాళ్లు నాకంటే బాగున్నాయి. పగలూ రాత్రీ ఆటో దొరుకుతుంది, రుయా ఆసుపత్రి దూరం కాదు. ఊరి బయట కొత్త కాలనీలో మూడో అంతస్తులో ఒంటరిగా కూర్చోబెడితే ఆ నడక పోతుంది, పలకరించే మనిషీ పోతాడు.

కాని రక్తపోటు సంగతి వేరు. పగలు పదకొండు గంటలకు క్లినిక్కులో చూపిస్తే 130 చిల్లర. ఇంట్లో తెల్లవారుజామున చూడమంటే వరుసగా 150 పైన. ఇంటివద్ద కొలిచినప్పుడు 135/85 దాటితే ఎక్కువగానే లెక్కించాలి.

ఇక్కడ జరిగేది ఏమిటంటే, నిద్రలో కన్ను మూసుకుంటుంది గాని చెవి మూసుకోదు. హారన్ మోగినప్పుడు మనకు మెలకువ రాకపోవచ్చు, పొద్దున గుర్తూ ఉండకపోవచ్చు. అయినా నాడీమండలం దానిని ప్రమాద సూచనగానే తీసుకుంటుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు కుంచించుకుంటాయి. ఆరోగ్యవంతుడికి రాత్రివేళ రక్తపోటు పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. గుండెకు దొరికే విశ్రాంతి అదే. మాటిమాటికీ శబ్దం తగిలితే ఆ తగ్గుదల సరిగా జరగదు. ఏళ్లు గడిచేకొద్దీ రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఎడతెగని ఫ్యాను శబ్దం కంటే ఉన్నట్టుండి పేలే హారనే ఎక్కువ చేటు.

మన దేశపు 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతంలో 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 55 దాటరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో రాత్రి రైలు శబ్దానికి 44, రోడ్డు శబ్దానికి 45 హద్దులుగా సూచించింది. స్టేషను వీధి వాణిజ్య ప్రాంతమే కదా అంటారు. యాత్రాస్థలంలో వేలమంది పడుకునేది సరిగ్గా అక్కడే!

అక్క మంచాన్ని వీధివైపు గది నుంచి వెనక వంటింటి పక్కకు మార్పించాను. "దొడ్డివైపు పడుకోమంటావేమిరా?" అని గొణిగింది. కొన్ని వారాలకు తెల్లవారి రీడింగులు దిగాయి. ఆమె డాక్టరు మాత్ర కూడా మార్చారు కాబట్టి ఆ ఘనత అంతా మంచానిదే అనను. ఖర్చులేని పని కనుక ఎవరైనా చేయవచ్చు. చేయకూడనిది, నిద్రమాత్రలు సొంతంగా కొనుక్కోవడం. పెద్దవాళ్లు ఆ మత్తులో రాత్రి లేచి పడితే తుంటి విరుగుతుంది.

పొగ గురించి ఒక్కమాట. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ఆగి ఉన్న బండి ఇంజను ఆపేయమని డ్రైవరును అడగడానికి మొహమాటపడకండి.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది యాత్రికులు. రాత్రంతా బస్సులో, మిగిలిన రెండు గంటలు ప్లాట్‌ఫాంమీద గడిపి, ఉపవాసమని మాత్ర మానేసి, పొద్దున్నే అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతారు. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ముందుగా తమ డాక్టరును అడగాలి, ఒక రాత్రి నిద్రపోయాకే నడక మొదలుపెట్టాలి. రక్తపోటు మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. మధుమేహం మాత్రల సంగతి వేరు. తిండి మానేసి అవి వేసుకుంటే చక్కెర పడిపోతుంది కనుక అటువంటివారికి ఉపవాసమే వద్దు. మెట్లమీద ఛాతీ పట్టేసినా, చెమటలు పోసినా అక్కడే కూర్చుని సహాయం అడగాలి. మొక్కు రేపు తీర్చుకోవచ్చు.

లాడ్జిలో మెట్లకింద పడుకునే కుర్రాళ్లను, ఆటోలోనే కునుకు తీసే డ్రైవర్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ముప్పై దాటినవారు ఏడాదికోసారైనా రక్తపోటు చూపించుకోవాలి.

తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల మార్గాన్ని 1,332 కోట్లతో డబ్లింగ్ చేయడానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. మా ఊరికి మంచిదే. బండ్లు పెరుగుతాయి, నా చిన్ననాటి విరామాలు ఇంకా కురచవుతాయి. పట్టాల పక్కన ఇల్లు కట్టుకుంటున్నవారికి స్నానాలగది, వంటిల్లు అటువైపు పెట్టి, పడకగది రెండోవైపు గీయించమని చెబుతున్నాను. మేస్త్రీ మాత్రం పడకగది నైరుతిలోనే ఉండాలంటాడు. నైరుతి మూల పట్టాలవైపు పడిన స్థలాల విషయంలో మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.